కారణాల శాఖ

తేటవాక దేశం మీద మా వీరగిరి దేశం యుద్ధానికి ఎందుకు వెళ్ళిందని జనం రకరకాలుగా చెప్పుకుంటున్నారు. ఏటి నీళ్ళ కోసమని కొందరు, జాతి గౌరవం కోసమని కొందరు. ఒక పెద్దమనిషి శుక్రుడి వక్రగతి అని పత్రికలో వ్యాసమే రాసి పారేశాడు. అవేవీ కావు. సర్కారు ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే ఒకాయనకు ఆ రోజు పడిశం పట్టింది. అదీ అసలు సంగతి. నా పేరు బుద్ధవరపు కామేశం. యుద్ధ కారణాల శాఖలో సూపరింటెండెంటుని. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

డిసెంబరు మొదట్లో కొత్త సంవత్సరం సర్కారు క్యాలెండరు అచ్చయి వచ్చింది. అందులో ఫిబ్రవరి పదహారో తేదీ ఎర్ర అంకెలో ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో 'విజయ దినోత్సవం' అని ఉంది. ఎవరి మీద విజయమో, ఎప్పుడు సాధించామో ఎవరికీ తెలియదు. మా దేశం పుట్టి నలభై ఏళ్ళయింది. ఇంతవరకు ఎవరినీ పన్నెత్తి ఒక్క మాట అన్నది లేదు. విచారణ జరిపితే, ముద్రణాలయం ఆయన వరసగా తుమ్ముతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, నమూనా కోసం ముందు పెట్టుకున్న వేరే దేశపు క్యాలెండరులోంచి ఒక వరస మా దాంట్లోకి ఎక్కించేశాడని తేలింది.

సవరణ చీటీ ఒకటి అంటిస్తే పోయేది. కానీ ఆ పదహారు సోమవారమైంది. పద్నాలుగు రెండో శనివారం, పదిహేను ఆదివారం. వరసగా మూడు రోజులు! క్యాలెండరు వచ్చిన గంటలోనే సచివాలయంలో సగం మంది రైలు టిక్కెట్లు కొనేశారు. మిగతా సగం మంది ఆ మూడు రోజుల్లో నిశ్చితార్థాలు, గృహప్రవేశాలు పెట్టేసుకున్నారు. ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు మెట్ల మీద నిలబడి, ఒకసారి ఎర్రబడిన అంకెను మళ్ళీ నల్లగా మార్చడం చరిత్రలో ఎక్కడా లేదని గర్జించాడు.

మంత్రివర్గం రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు ప్రకటన వచ్చింది. "ప్రభుత్వ క్యాలెండరు పొరపాటు చేయదు. చేసినట్లు కనిపించినచో, దేశము ఇంకను క్యాలెండరును అందుకొనలేదని గ్రహించవలెను."

అంటే ఫిబ్రవరి పదహారు లోపల దేశం ఒక విజయాన్ని అందుకోవాలన్నమాట. విజయం కావాలంటే యుద్ధం కావాలి. యుద్ధం కావాలంటే కారణం కావాలి. అప్పుడు అందరికీ మా శాఖ గుర్తొచ్చింది.

మా శాఖ దేశంతోపాటే పుట్టింది. అన్ని దేశాలకూ ఉండే శాఖలన్నీ మనకూ ఉండాలని మొదట్లో ఎవరో రాసిన పట్టీలో మేమూ ఉన్నాం. నేను చేరినప్పటినుంచి రోజూ పదిన్నరకు వెళ్ళి, ఉండగల కారణాలు రాసి, బీరువాలో పెట్టి, అయిదింటికి ఇంటికి రావడమే నా ఉద్యోగం. నేను ముప్ఫై ఏళ్ళలో పన్నెండు వందల కారణాలు రాశాను. చెప్పుకోకూడదు గానీ కొన్ని చాలా బాగుంటాయి. ఒక్కటీ వాడలేదు. ప్రకటన వచ్చిన మర్నాడు మా డైరెక్టరు దండిభట్ల ఉగ్రనరసింహం గారు బీరువా తెరిపించి, దుమ్ముకి దగ్గుతూ, "కామేశం గారూ, మన తరుణము ఆసన్నమైనది" అన్నారు. పేరు అలా ఉంది గానీ ఆయన బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి.

శత్రువును వెతుక్కునే శ్రమ లేదు. మాకు మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు కొంగలేరు. సముద్రంతో పెట్టుకోవచ్చా అని న్యాయశాఖను అడిగితే, ఓడిపోయినట్టు దానిచేత సంతకం పెట్టించడం కష్టమన్నారు. ఇక మిగిలింది ఏటికి అవతల ఉన్న తేటవాక. వాళ్ళు పరాయివాళ్ళేం కారు. అదే భాష, అవే పచ్చళ్ళు, అవే పట్టింపులు. మా అమ్మాయి హైమను అవతలి ఒడ్డున ఉన్న ఊరి బడిపంతులు విశ్వేశానికే ఇచ్చాం. మా వైపు రేవులో నిలబడితే వాళ్ళ డాబా మీద ఆరేసిన చీరలు కనిపిస్తాయి. హైమకు అప్పుడు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో కదా, ఏడులోనే తెచ్చేసుకుందామని నేను సెలవు అడిగాను. "విజయము సిద్ధించు వరకు ఎవ్వరికిని సెలవు లేదు" అన్నారు డైరెక్టరు గారు. విజయం దేనికంటే సెలవు కోసం. సెలవు లేనిది విజయం కోసం. నేను నోరు మూసుకుని కారణాల్లో పడ్డాను.

మొదటి కారణం లంక. ఏటి మధ్యలో గడ్డి మొలిచిన ఒక దిబ్బ ఉంది. అది మాదేనని, పది రోజుల్లో ఖాళీ చేయకపోతే తీవ్ర పరిణామాలుంటాయని తాఖీదు పంపాం. తేటవాక నుంచి మూడో రోజుకే జవాబు వచ్చింది. "సంతోషంగా తీసుకోండి. వరద వస్తే మునుగుతుంది, జాగ్రత్త. పడమటి కొసన తేనెపట్టు ఉంది, అటు వెళ్ళకండి." చేసేది లేక లంక తీసుకున్నాం. తీసుకున్నాక పాలించాలి కదా, ఒక తహసీల్దారును వేశాం. ఆయన పడమటి కొసకే వెళ్ళాడు. వాచిన మొహంతో తిరిగొచ్చి, బదిలీ కోసం ఇప్పటికీ కాగితాలు పెడుతూనే ఉన్నాడు.

రెండో కారణం కోళ్ళు. తేటవాక కోడిపుంజులు తెల్లవారకముందే కూసి మా పౌరుల నిద్రాస్వాతంత్ర్యానికి భంగం కలిగిస్తున్నాయని రాశాం. ఇది నా సర్వీసులో పదిహేడో ఏట రాసిన కారణం, నాకు చాలా ఇష్టమైనది. దానికీ వాళ్ళు లొంగిపోయారు. నూట నలభై పుంజులను బుట్టల్లో పెట్టి పడవల మీద మాకే పంపించేశారు. "మా మాట వినడం లేదు. మీరైనా చెప్పి చూడండి" అని చీటీ కట్టారు. ఆ పుంజులు ఇప్పుడు సచివాలయం వెనక పెరట్లో ఉన్నాయి. నిద్రాస్వాతంత్ర్యం మాట దేవుడెరుగు, పగలు సంతకాలు కూడా సాగడం లేదు.

ఇలా పదకొండు తాఖీదులు పంపాం, పదకొండింటికీ సరేనన్నారు. జనవరి వచ్చేసింది. ఉగ్రనరసింహం గారికి నిద్ర కరువైంది. చివరికి తేటవాక రాయబారి కూచిమంచి లింగమూర్తి గారిని పిలిపించి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఇక దాపరికం లేకుండా అడిగేశారు. నేను పక్కనే కూర్చుని రాసుకుంటున్నాను.

"రాయబారి మహోదయా, ఉభయ దేశాల చిరకాల మైత్రిని పురస్కరించుకుని, తమరు మమ్మల్ని ఒక్క మాట అవమానించగలరా?"

"అయ్యయ్యో, అదేం మాటండీ. మా ఇంటా వంటా లేదండి" అన్నారు లింగమూర్తి గారు.

"చిన్నదైనా స్వీకరింతుము. మా జెండాను గురించి గానీ, జాతీయగీతాన్ని గురించి గానీ..."

"బాగానే ఉంటాయి కదండీ. మా మనవరాలు పాడుతుంది కూడాను. పాడమంటారా, నాకూ కొంచెం వచ్చు."

"వద్దు!" అని డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. ఆయన అవస్థ చూసి లింగమూర్తి గారికి జాలేసింది. కాస్సేపు ఆలోచించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు. "పోనీ, ఒక మాట చెప్పమంటారా? ఈ కాఫీ... కొంచెం నీళ్ళనీళ్ళగా ఉందండి. ఏమీ అనుకోకండే!"

ఉగ్రనరసింహం గారు లేచి నిలబడ్డారు. "రాసుకోండి కామేశం గారూ! పదకొండు గంటల ఇరవై నిమిషాలు!" అన్నారు. సంతోషం పట్టలేక లింగమూర్తి గారికి చేతులు జోడించారు. గంటలో ఫైలు న్యాయశాఖకు పరిగెత్తింది. న్యాయశాఖ కప్పును తెప్పించుకుని, ముగ్గురు న్యాయాధికారుల చేత తాగించి, నీళ్ళనీళ్ళగానే ఉందని, నిజం చెప్పడం అవమానం కిందకు రాదని తీర్పు రాసింది. మర్నాటినుంచి మా క్యాంటీనులో కాఫీ చిక్కబడింది. యుద్ధ ప్రయత్నానికి అంత పెద్ద ఎదురుదెబ్బ అంతకుముందు తగల్లేదు.

ఆ వారంలోనే నేను రెండోసారి సెలవు చీటీ పెట్టాను. అప్పటికి హైమకు ఎనిమిది పడింది. ఎనిమిదో నెలలో ఆడపిల్లను గడప దాటించరు, ఏరు దాటించే మాటే లేదు. ఫిబ్రవరి పదో తేదీకి తొమ్మిది పడుతుంది. మా ఆవిడ సుభద్ర మంచి రోజు కూడా చూసి పెట్టింది. "ఈసారి సెలవు తేకపోతే ఆ ఆఫీసులోనే మంచం వేసుకోండి" అని చెప్పి మరీ పంపింది. తేటవాకలో ఉన్న మా అమ్మాయిని పురిటికి తెచ్చుకోవలసి ఉన్నందున పదో తేదీ నుంచి అయిదు రోజులు సెలవు ఇప్పించమని, అలవాటైన నాలుగు వాక్యాలు రాశాను.

డైరెక్టరు గారు చీటీ చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మన దేశపు ఆడపడుచు తేటవాకలో ఉన్నదా?"

"ఉందండి. కాపురానికెళ్ళింది కదండీ."

"ఆమెను స్వదేశానికి తెచ్చుకోవాలని తమ అభిలాష?"

"అవునండి."

"ఇవాళ తేగలరా?"

"ఇవాళెలా తెస్తామండీ? ఎనిమిదో నెల. తొమ్మిది పడగానే..."

"తొమ్మిది సంగతి అటుంచండి. ఇవాళ, ఈ క్షణాన, తేగలరా తేలేరా?"

"తేలేనండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో నీళ్ళు. "కామేశం గారూ, లంక ఇచ్చారు. పుంజులను ఇచ్చారు. ఇది మాత్రం వాళ్ళు ఇవ్వలేరు. మా ఇంట్లోనైనా ఇవ్వం. మా అమ్మగారు బతికుండగా ఎనిమిదో నెల పిల్లను పంపిస్తారా? ప్రపంచంలో ఎవరూ ఒప్పుకోలేని కోరిక ఇదొక్కటే. ముప్ఫై ఏళ్ళ తమ సర్వీసులో ఇంత గొప్ప కారణం రాయలేదు."

"అది కారణం కాదండీ, సెలవు చీటీ" అన్నాను. వినిపించుకోలేదు. బల్ల మీది గంట కొడుతూనే ఉన్నారు.

లింగమూర్తి గారిని మళ్ళీ పిలిపించారు. పదిహేను రోజుల్లో వీరగిరి ఆడపడుచును అప్పగించాలన్నారు. "ఓ, తప్పకుండానండి. ఏ ఊళ్ళో ఇచ్చారండీ, ఎవరమ్మాయి?" అని ఆయన కలం తీశారు. పేరు రాజ్యరహస్యమన్నారు డైరెక్టరు గారు. ఎనిమిదో నెల గర్భిణి అని మాత్రం చెప్పారు.

రాయబారి కలం మూసేశారు. "అయ్యో, ఎనిమిదో నెలేంటండీ! మీరు పెద్దవారు, మీకు చెప్పాలా. తొమ్మిది పడనివ్వండి, పసుపు కుంకుమలతో పడవెక్కిస్తాం. ఈలోపల కదిలిస్తే మా ఆడవాళ్ళు మమ్మల్ని బతకనివ్వరండి."

"అనగా నిరాకరిస్తున్నారు?"

"ఈ ఒక్కటి మాత్రం... అవునండి."

గదిలో ఉన్న అయిదుగురు అధికారులూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. లింగమూర్తి గారు ఏమీ అర్థం కాక నావైపు చూశారు. ఆ పిల్ల నా కూతురేనని చెప్పే వీల్లేదు. అప్పటికే నాచేత రహస్య ప్రమాణం చేయించి సంతకం తీసుకున్నారు. నేను తల దించుకుని తారీకు వేశాను.

గెజిట్ వెలువడింది. "వీరగిరి ఆడపడుచు ఒకరు పరదేశమందు నిలిచిపోయి యుండుటయు, ఆమెను పంపుటకు సదరు దేశము నిరాకరించుటయు" అని మొదలుపెట్టి ఎనిమిది పేజీలు. గర్భిణి అన్న మాట ఎక్కడా లేదు. పోస్టరు గీసేవాళ్ళు, కడుపు కనిపిస్తే వీరరసం తగ్గుతుందన్నారట. గోడల మీద నడుము సన్నంగా, జుట్టు విరబోసుకుని, సంకెళ్ళతో ఒక పిల్ల వెలిసింది. మా హైమ ఏడో నెలనుంచి మంచం దిగితే ఆయాసపడుతోంది. ఊరేగింపుల్లో జనం ఆ బొమ్మకు హారతులిచ్చారు. మా ఆవిడ కూడా ఇచ్చింది. "ఏ తల్లి కన్నబిడ్డో" అని ముక్కు చీదింది.

నేను పరిగెత్తాను. నా చీటీ నాకు తిరిగి ఇచ్చేయమన్నాను. వెనక్కి తీసుకోవాలంటే మరో దరఖాస్తు పెట్టాలన్నారు. పెట్టాను. దానికి మొదటి చీటీ అసలు ప్రతి జతచేయాలన్నారు. అసలు ప్రతి, నా పేరూ పురిటి మాటా కనిపించకుండా కాగితం అంటించి, మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. అక్కడికి వెళ్తే చెప్పులు విప్పి రమ్మన్నారు. బడిపిల్లలు వరసలో నిలబడి నా నాలుగు వాక్యాలకు నమస్కారం పెడుతున్నారు. నా కూతురి మీద ఫిరంగులు పేలతాయి, నా కూతురి కోసమేనట! నాకు ఏడుపొచ్చింది. కాపలావాడు నా భుజం తట్టి, దేశభక్తి ఉన్నవాళ్ళందరికీ ఇక్కడ ఏడుపొస్తుందని ఓదార్చాడు.

ఫిబ్రవరి రెండున యుద్ధం మొదలైంది. మా ఫిరంగి గుళ్ళు వాళ్ళ కొబ్బరితోటలో పడ్డాయి. వాళ్ళ గుళ్ళు మా లంకలో పడ్డాయి, తేనెపట్టు లేచి రెండు సైన్యాలనూ సమానంగా తరిమింది. మూడో రోజున మా గుండు ఒకటి తేటవాక బడి కప్పు మీద పడింది. ఆ పూట సెలవు కాబట్టి విశ్వేశం బతికాడు. నేను రోజూ పొద్దున్నే రేవుకు వెళ్ళి ఆ డాబా మీద చీరలు ఉన్నాయా లేవా అని చూసేవాణ్ణి. ఉంటే ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. అయిదో తేదీన లేవు. ఆ రోజంతా నేను మనిషిని కాను. సాయంత్రానికి మళ్ళీ ఆరేశారు. ఉతకడం ఆలస్యమైంది, అంతే.

పదో తేదీన తొమ్మిది పడింది. సుభద్ర చూసిన ముహూర్తానికే, వాళ్ళ వైపు రేవులో పడవ కదిలింది. అందులో హైమ కూర్చుని ఉంది, వెనక దాని అత్తగారు గొడుగు పట్టింది. తీసుకురావడానికి మేం వెళ్ళలేకపోయాం, వాళ్ళే బయల్దేరదీశారు. మంచిరోజు మంచిరోజే కదా. నేను రేవులో నిలువుగుడ్లు వేసుకుని నిలబడ్డాను. ఏటి మధ్యకు వచ్చేసరికి మా ఫిరంగి దళం నాయకుడు దుర్భిణిలో చూసి పెద్దగా అరిచాడు.

"ఆపండ్రోయ్! వట్టి మనిషి కాదు!"

మా వైపు మోత ఆగింది. అటువైపు కూడా ఆగింది. "నిదానం తల్లీ, పడవ ఊగుద్ది" అని ఎవరో, ఏ సైన్యం వాడో, కేక వేశాడు. మా సిపాయిలు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి చెయ్యి అందించారు. హైమ ఒడ్డెక్కి, కూర్చుని, రొప్పుతూ, "నాన్నా, ఎంత ఎండో" అంది. అత్తగారు అదే పడవలో వెనక్కి వెళ్ళిపోయారు. ఆవిడ ఒడ్డు చేరేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు.

నేను చెమట్లు కక్కుతూ డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. "వచ్చేసిందండీ! మా అమ్మాయి వచ్చేసింది. ఇక యుద్ధం ఆపించండి."

"శుభం. తల్లి క్షేమమేనా?" అన్నారాయన. నిజంగానే సంతోషించారు. "కానీ కామేశం గారూ, యుద్ధం ఆపడానికి కారణం కావాలి."

"ఇంతకంటే ఏం కావాలండీ?"

"మనది మొదలుపెట్టే కారణాల శాఖ. ఆపే కారణాల శాఖ వేరే ఉండాలి. మనకు లేదు. ఆ పట్టీ రాసినప్పుడు ఎవరికీ తోచలేదు. పైగా..." ఆయన ఒక కాగితం తోశారు. తేటవాక నుంచి వచ్చిన తాఖీదు. మా దేశపు కోడలిని మీరు ఏటి మధ్యనుంచి ఎత్తుకుపోయారు, తక్షణం అప్పగించండి అని ఉంది. "వాళ్ళు కూడా ఒక శాఖ పెట్టుకున్నారట. మొదటి ప్రయత్నానికి బాగానే రాశారు. పురిటికి వచ్చిన పిల్లను పురుడు కాకుండా ఎవరైనా పంపిస్తారా? ఇది మనం ఇవ్వలేం."

పదహారున అనుకున్నట్టే విజయం ప్రకటించారు. మూడు రోజులు సెలవులు బ్రహ్మాండంగా గడిచాయి. రైళ్ళు కిటకిటలాడాయి. పదిహేడున అందరూ ఆఫీసులకు వచ్చారు, యుద్ధం ఎక్కడ ఆపారో అక్కడినుంచి మొదలైంది. ఆ వారమే తేటవాకలో బడిపంతుళ్ళందరినీ సైన్యంలోకి తీసుకున్నారని తెలిసింది.

మార్చి మొదట్లో హైమకు ఆడపిల్ల పుట్టింది. ముక్కు అచ్చం విశ్వేశానిదే. పురుడు పోసుకున్న ఆస్పత్రి కిటికీలోంచి ఎదురుగోడ మీది పోస్టరు కనిపిస్తుంది. పదకొండో రోజు మధ్యాహ్నం హైమ దాన్నే చూస్తూ పడుకుంది.

"పాపం నాన్నా, ఆ అమ్మాయి. వాళ్ళమ్మా నాన్నా ఎంత అల్లాడిపోతున్నారో. దొరికిందా?"

"దొరికిందమ్మా."

"ఎప్పుడు?"

"పదో తేదీన."

"నేనొచ్చిన రోజేనా! అయితే నా వెనక పడవలో వచ్చిందేమో, నేను చూసుకోనేలేదు." హైమ లేచి కూర్చుంది. మొహం విప్పారింది. "మరి ఇంకేం, అయిపోయినట్టేగా! ఈయన్ని ఎప్పుడు పంపిస్తారు?"

ఏటి వైపు ఫిరంగి పేలింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. హైమ పాపను ఒళ్ళోకి తీసుకుని, జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ ఉంది. పన్నెండు వందల కారణాలు రాసినవాణ్ణి, నా కూతురికి ఒక్కటి కూడా చెప్పలేకపోయాను.